సరోజ పేరు మీద రాసిన ఇల్లు

"నేటి ఆధునిక యుగంలో" అని మొదలుపెట్టని వ్యాసం ఒక్కటైనా దొరుకుతుందేమోనని కట్టంతా తిరగేశాను. దొరకలేదు. సెల్‌ఫోన్ లాభనష్టాల మీద రాసిన పిల్లవాడూ అలాగే మొదలుపెట్టాడు, ప్లాస్టిక్ నిషేధం మీద రాసిన అమ్మాయీ అలాగే మొదలుపెట్టింది. బతుకమ్మ పండుగ విశిష్టత రాసినావిడైతే నేటి ఆధునిక యుగంలో తంగేడు పూలకున్న ప్రాధాన్యత గురించి ఒక పేజీ నింపింది. కోదాడలో ఒక ఇంజనీరింగు కాలేజీ పిల్లలు పోటీకి రాసిన వ్యాసాలివి. వీటిలో మంచివి ఏరి పెట్టమని మాధవి తెచ్చి ఇచ్చింది. మాధవి ఆ కాలేజీలో లెక్కలు చెబుతుంది. అయితే ఆమె హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కి మిర్యాలగూడ దాకా వచ్చింది ఈ కట్ట కోసం కాదని, టీ గ్లాసు కింద పెట్టకముందే నాకు అర్థమైంది.

మాధవి మా సరోజ కూతురు. సరోజా నేనూ సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకున్నాం. ఈ ఎండాకాలం సరోజ పోయింది. నాకు కబురు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి, నాలుగు కథల పుస్తకాలు అచ్చేసుకుని, చివరికి రైసుమిల్లుల వెనక రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్న నాకు, చావు కబురు కూడా ఇలా ఆలస్యంగానే వస్తుంది. ఎవరైనా వస్తే బాగుండునని రోజూ అనుకుంటాను. తీరా వస్తే ఏం మాట్లాడాలో తోచదు.

"అమ్మ మిమ్మల్ని పెద్దమ్మ అనమనేది. అనొచ్చా?" అంది మాధవి.

"అను బిడ్డా."

"మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది పెద్దమ్మా. ఒక్క ఫొటో గూడ లేదు. అమ్మ చెప్పిన ముచ్చట్లే నాకు దిక్కు. కోడి కూయకముందే లేచేదంట. వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గేసి, దాలిలో పాలకుండ పెట్టి, అప్పుడొచ్చి అమ్మను లేపేదంట. ఒళ్ళో కూసోబెట్టుకుని జడలేసేదంట. చిన్నప్పట్నించి అన్నం తినాల్నంటే నాకు గదే కథ. మీరు ఒకసారి ఆ ఇంటికి పోయిండ్రని అమ్మ చెప్పింది. అమ్మమ్మను కండ్లతోని చూసినోళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. ఎట్లుండేది పెద్దమ్మా? అమ్మ చెప్పినట్టే ఉండేదా?"

ఈ వ్యాసాలు చూసి పెడతాను, ఆదివారం రా, తీరుబడిగా మాట్లాడుకుందాం అని ఆమెను పంపేశాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. కానీ ఆ క్షణాన ఇంకేం చెప్పగలను? ఆమె అప్పజెప్పినవి నా వాక్యాలు. వాకిలి, సానుపు, ముగ్గు, దాలి, జడలు, వరస కూడా తప్పకుండా, నేను చిన్నప్పుడు సరోజ పేరు మీద రాసిన వ్యాసంలోవి. అలాంటి అమ్మమ్మ ఎవరూ లేరన్న సంగతి ఇప్పుడు ఈ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తల్లి పోయిన పిల్ల దగ్గర తల్లి చెప్పిన మాటను కూడా లాక్కోవాలా, లేక కండ్లలోకి చూస్తూ ఔనని అనాలా? వారమంతా ఇదే రంధి.

ఆ హాస్టలు తలుచుకుంటే నాకు ముందు వాసన గుర్తొస్తుంది. పచ్చికట్టెల పొగ, పప్పుచారు, ఆరని లంగాలు, కొబ్బరినూనె, ట్రంకుపెట్టె మూత తీస్తే వచ్చే కలరా ఉండల ఘాటు, అన్నీ కలిసి ఒకటే వాసన. మా వంటామె వెంకటమ్మకు చెవుడు. మిరపకాయలు వేయించేటప్పుడు మేమంతా దగ్గుతుంటే, పిల్లలకు జలుబు చేసిందని వార్డెనమ్మకు చెప్పేది. సాయంత్రం గంట కొట్టగానే వరండాలో చాపలు పరిచేవాళ్ళు. చదువు అంటే గట్టిగా చదవడమే కాబట్టి, ఎవరి గొంతు వాళ్ళకు వినపడకుండా చదివేవాళ్ళం. ఆ గోలలో పడి ఏడవడం తేలిక, ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చినప్పుడు అందరం అలాగే ఏడ్చాం. తక్కిన వాళ్ళు కొన్నాళ్ళకు మానేశారు. నాకు కొంచెం ఎక్కువ కాలం పట్టింది.

మా తెలుగు సారుకు వ్యాసాలంటే పిచ్చి. వారం వారం బోర్డు మీద ఒక అంశం రాసేవాడు. గ్రంథాలయాల వల్ల లాభాలు, మూఢనమ్మకాలు, పరిసరాల పరిశుభ్రత, స్త్రీ విద్య, సినిమాల ప్రభావం, మా ఊరి సంత. అందరం గైడు చూసి రాసేవాళ్ళం. గైడులో "మా గ్రామం నది ఒడ్డున ఉన్నది" అని ఉండేది కాబట్టి మా తరగతిలో అన్ని ఊళ్ళూ నది ఒడ్డునే వెలిశాయి. నిజానికి మా దిక్కు పిల్లలు పారే నీళ్ళు చూడాలంటే సాగర్ కాలువ దాకా పోవాలి. ఒకనాడు సారుకు చిర్రెత్తింది. "ఏమే, తుంగతుర్తి దిక్కు నది ఎప్పుడొచ్చిందే? నాకు జెప్పకుంట వచ్చిందా?" అని కాగితాలన్నీ బల్ల మీద పడేశాడు. "గైడోని ఊరొద్దు నాకు. మీ ఊరు రాయుండ్రి. మీ ఇల్లు రాయుండ్రి. మీ అమ్మ పొద్దుగాల లేసి ఏం జేస్తదో రాయుండ్రి."

దాంతో హాస్టలంతా పరేషాన్ అయింది. గైడు లేకుండా రాయడం ఎవరికి వచ్చు? నాకు కొంచెం చెయ్యి తిరిగిందని అందరికీ తెలుసు కనుక ఒక్కొక్కరే నా చాప దగ్గరికి చేరారు. వచ్చిన పిల్లతోపాటు ఆమె ట్రంకుపెట్టె మీద కూర్చుని అడిగేదాన్ని. మీ ఇంటి గుమ్మం ఏ దిక్కుకు? మీ నాయిన చెప్పులు ఎక్కడ విడుస్తడు? పండుగనాడు ముందుగాల ఎవరికి వడ్డిస్తరు? వాళ్ళు చెప్పింది వింటూ, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టేదాన్ని. బదులుగా ఇంటినుంచి వచ్చిన మామిడికాయ తొక్కో, సకినాలో పెట్టేవాళ్ళు. తిండి కోసం రాశానని వాళ్ళు అనుకున్నారు. నాకు కావలసింది ఆ ఇళ్ళు. ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క ఇంట్లో కాపురముండి వచ్చేదాన్ని. మీ ఇల్లెట్లుంటదని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదయింది.

ఎందుకంటే మాకు ఇల్లు లేదు. అమ్మ నాకు జ్ఞాపకం వచ్చే వయసు లోపే పోయింది. మా నాయిన లారీ నడిపేవాడు. మిర్యాలగూడలో బియ్యం ఎత్తుకుని ఎక్కడెక్కడికో పోయేవాడు, లారీలోనే పడుకునేవాడు. కిరాయి ఇల్లు ఖాళీ చేసి నన్ను హాస్టల్లో వేశాడు. సూర్యాపేట మీదుగా పోయేటప్పుడు హాస్టలు మలుపులో లారీ ఆపి హారన్ కొట్టేవాడు. ఉరికి పోయేదాన్ని. డీజిలూ తవుడూ కలిసిన చొక్కా వాసన. "మంచిగున్నవా బిడ్డా? సదువుతున్నవా?" అనేవాడు. మంచిగున్న నాయినా అనేదాన్ని.  ఆ తర్వాత ఆయన టైర్లు తట్టి చూసుకునేవాడు, నేను ఆ టైర్లను చూసేదాన్ని. "మా ఇల్లు" వ్యాసం నా పేరు మీద మాత్రం గైడులోదే దింపాను, నది ఒడ్డుతో సహా. గైడు వాసన తగిలితే చాలు కాగితం చింపే మా సారు, నా కాగితం ఆసాంతం చదివి, ఏమీ అనకుండా కింద సంతకం చేసి ఇచ్చాడు. ఆయన మీద నాకున్న గౌరవమంతా ఆ సంతకం దగ్గర మొదలైంది.

సరోజ వాళ్ళది కోదాడ దగ్గర పల్లె. భూమీ గొడ్డూగోదా ఉన్న కుటుంబం. పిల్ల పొడుగ్గా ఉండేది, ముక్తసరిగా మాట్లాడేది. తక్కిన పిల్లలను మీ అమ్మ పొద్దుగాల లేసి ఏం జేస్తదని అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళు, ఏమో, పని జేస్తది అనేవాళ్ళు. సరోజను అడిగితే కళ్ళు మూసుకుని చెప్పింది. చీపురు నేల మీద ఎలా చప్పుడు చేస్తుందో, సానుపు పేడనీళ్ళు చల్లితే మట్టి ఎలా పొంగుతుందో, పిడకల దాలి ఊదితే బూడిద ఏ పక్కకు లేస్తుందో, తలుపు గొళ్ళెం మోగకుండా ఎలా తీయాలో. ఆ తర్వాత అమ్మ తనను లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడలు వేస్తుందని చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించింది. పిల్లలంతా నిద్రలో ఉండగా జరిగే పనులు ఈ పిల్లకు ఇంత వివరంగా ఎలా తెలిశాయో నేను ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. ఆ ఇంటి మీద మనసు పడి రాసుకుంటూ పోయాను.

ఆ వ్యాసం ప్రార్థనలో చదివించారు. సరోజ తల వంచుకుని చదివింది. చిన్న పిల్లలు వెక్కిళ్ళు పెట్టారు, వార్డెనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకు గర్వంగానూ ఉంది, కడుపులో మంటగానూ ఉంది. అంత అమ్మ ఉన్న పిల్ల ఈ రేకుల షెడ్డులో మా మధ్య ఎందుకుందో అర్థం కాలేదు. ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి, ఆ ఇంట్లో పొద్దున్నే కళ్ళు తెరవాలని కోరిక పుట్టింది.

దసరా సెలవులకు హాస్టలు మూసేసేవారు. ఆ ఏడు మా నాయిన ఒరిస్సా దాకా పోయి అక్కడెక్కడో చిక్కుకుపోయాడు. అందరినీ ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోతున్నారు. చేతిసంచీ పట్టుకుని మెట్ల మీద కూర్చున్న నన్ను చూసి వార్డెనమ్మ, సరోజను తీసుకుపోవడానికి వచ్చిన వాళ్ళ చిన్నాయనతో, "ఈ పిల్లను గూడ తీస్కపోండ్రి, వాళ్ళ నాయిన రాంగనే కబురు జేస్త" అంది.

సరోజ గబుక్కున "మా ఇంట్లో జాగ లేదు మేడం" అంది.

వార్డెనమ్మ నవ్వింది. "గంత పెద్ద ఇల్లు రాస్తివి, ఒక్క పిల్లకు జాగ లేదానే?"

బస్సులో సరోజ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను రావడం ఆమెకు ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. అయినా నా సంతోషం నాది. కోదాడలో దిగి, బండి ఎక్కి, చీకటి పడకముందే ఊరు చేరాం. ఇల్లు నేను రాసినట్టే ఉంది. పెంకుటిల్లు, తూర్పు గుమ్మం, పశువుల కొట్టం, అన్నీ. కానీ వాకిట్లో ఎండుటాకులు అలాగే పడి ఉన్నాయి. నడిమింట్లో మంచం మీద ఒకావిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. సరోజ వెళ్ళి "అమ్మా, వచ్చిన" అంది. ఆవిడ కదల్లేదు. మా గొంతులు విని వచ్చిన పక్కింటి ముసలమ్మ నన్ను పక్కకు పిలిచి, "చిన్న పిలగాడు పోయినకాడ్నించి గట్లనే ఉంటది బిడ్డా. పెడితే తింటది, లేకుంటే లేదు. నువ్వు బయపడకు" అని చెప్పింది.

తెల్లవారి చీపురు చప్పుడుకు మెలకువ వచ్చింది. సరోజ వాకిలి ఊడుస్తోంది. సానుపు చల్లింది. ముగ్గేసింది. దాలి ఊది పాలకుండ పెట్టింది. గొళ్ళెం మోగకుండా తలుపు దగ్గరికి వేసింది. నేను రాసిన వరసలో ఒక్కటి తప్పలేదు. చివరికి మేకుకు తగిలించిన అద్దం ముందు నిలబడి, రిబ్బను కొస పంటితో పట్టుకుని, తన జడలు తనే వేసుకుంది. అద్దంలో నన్ను చూసింది.

"చూసినవ్ గదా. పోయి అందరికీ చెప్పుకో."

నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. ఏ ఇల్లూ లేని నేను ఒక ఇంటిని నమ్ముకుని ఇంత దూరం వస్తే అదీ లేకుండా చేసిందని ఒళ్ళు మండింది. ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు చీపురు చప్పుడు వినగానే మాత్రం లేచి వెళ్ళి కడివెడు నీళ్ళు మోశాను. ఆ సెలవులన్నీ ఇద్దరం కలిసే చేశాం. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మ కోసం గునుగు పూలు తరిగి రంగులద్దుతుంటే, మేం గొడ్ల కాడ పేడ ఎత్తాం. ఒకరి జడ ఒకరం వేసుకున్నాం. దాని గురించి ఏమీ అనుకోలేదు, నవ్వుకోలేదు కూడా.

ఒక మధ్యాహ్నం సరోజ వాళ్ళ నాయిన అరుగు మీద కూర్చుని, "ఏందో రాసినవంట గదమ్మా, వార్డెనమ్మ మస్తు మెచ్చుకుందని చిన్నాయన చెప్పిండు. జర చదువు, వింట" అన్నాడు. సరోజ తల అడ్డంగా ఊపి లోపలికి పోయింది. ఆయన నా వైపు చూశాడు. పెద్దాయన అడిగితే కాదనడం ఎలాగో నాకు తెలియదు. సరోజ ట్రంకుపెట్టెలోంచి కాగితం తెచ్చి చదివాను. చదువుతుంటే నా గొంతు నాకే వేరేగా వినిపించింది. జడల దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, లేచి కొట్టంలోకి పోయాడు. అప్పుడు నడిమింట్లోంచి ఒక గొంతు వినిపించింది. వచ్చినప్పటినుంచి ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

"ఏ ఊర్లో ఉందే ఆ ఇల్లు?"

సరోజ గడప మీద నిలబడి ఉంది. "ఇదేనమ్మా. మన ఇల్లే" అంది.

"అట్నా" అంది ఆవిడ. ఇంకొంచెం సేపు గడప మీది సరోజను చూసి మళ్ళీ గోడ వైపు తిరిగింది.

నేను రాసే కథల్లో అయితే ఆవిడ మర్నాడు లేచి చీపురు అందుకునేది. లేవలేదు. రెండేళ్ళకు అలాగే పోయిందని విన్నాను. సరోజ ఆ తర్వాత నన్ను ఏ వ్యాసమూ రాయమని అడగలేదు. పోట్లాడుకోలేదు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు పిల్లల చదువులూ, మోకాళ్ళ నొప్పులూ మాట్లాడుకున్నాం. కానీ మాట్లాడుతున్నంత సేపూ ఆమె చూపు నన్ను తప్పించుకుని పక్కకు పోయేది. ఆ అద్దంలో చూసిన మనిషిని నేనే కదా. నాకు జీవితంలో దొరికిన ఒక్క స్నేహితురాలినీ, ఆమె ఇల్లు చూసినందుకు పోగొట్టుకున్నాను. చూడాలని కోరుకున్నదీ నేనే. ఎవరిని ఏమనాలి?

ఇప్పటి పిల్లల కాగితాలు దిద్దుతూ ఈ వారమంతా ఇవే తలపులు. మాకు గైడు పుస్తకం ఊరికొకటి ఉండేది, వీళ్ళకు జేబులో ఫోనులోనే ఉంది, అడిగిందే తడవు నది ఒడ్డు ఊళ్ళు ఎన్నయినా ఇస్తుంది. పక్క మంచం మీది పిల్లను మీ అమ్మ పొద్దున్నే లేచి ఏం చేస్తుందని అడిగే అవసరమే వీళ్ళకు లేదు. మొదట చిరాకు పడి అన్నింటికీ ఎర్రగీతలు పెట్టబోయాను. తర్వాత చెయ్యి ఆగింది. ఇందులో చెప్పుకోవడానికి ఇల్లు లేక, నేటి ఆధునిక యుగం చాటున దాక్కున్న పిల్ల ఎవరో నాకేం తెలుసు? ఉన్నంతలో నాలుగు ఏరి, తక్కిన వాటి మీద ఏమీ రాయకుండా కట్ట కట్టేశాను.

ఆదివారం మాధవి వచ్చింది. పప్పూ చింతచిగురూ వండి పెట్టాను. అబద్ధమే చెబుదామని నిశ్చయించుకుని ఉన్నాను. పాత వాక్యాలు నోటికి వచ్చినవే, కష్టమేముంది? "మీ అమ్మమ్మ కోడి కూయకముందే" అని మొదలుపెట్టాను. కంచంలో చెయ్యి ఆపేసి, నోరు కొంచెం తెరిచి, అచ్చం కథ వినే పిల్లలాగా చూస్తోంది మాధవి. ఆ చూపు ముందు వాక్యం సాగలేదు. అంత తెల్లవారుజామున చలిలో, గొళ్ళెం మోగకుండా తలుపు వేసిన ఆ పిల్ల గురించి ఎవరికీ తెలియకుండా పోతుందనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మంచం, గోడ, చీపురు, అద్దం, అరుగు మీద చదివింది, ఆవిడ అడిగింది, అన్నీ.

 మాధవి చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. తప్పు చేశానేమో అనిపించింది.

"మా అమ్మ నన్నెప్పుడూ పొద్దున్నే లేవనియ్యలేదు పెద్దమ్మా" అంది చివరికి. "మెలకువొచ్చినా కండ్లు మూసుకో అనేది. నేను లేచేసరికి వాకిలి, ముగ్గు, పాలు అన్నీ అయిపోయి ఉండేవి. అప్పుడొచ్చి లేపేది. డిగ్రీకొచ్చినా జడ తనే వేసింది, ఒళ్ళో పట్టకున్నా కూసోబెట్టుకునేది. ఏం పని నేర్పిందమ్మా మీ అమ్మ అని అత్తగారింట్లో మాటలు పడ్డ. అమ్మ మీద కోపం గూడ వచ్చింది నాకు." ముక్కు ఎగబీల్చింది. "అంటే ఆ ఇంట్లో పెరిగింది నేనన్నట్టు."

"ఔను బిడ్డా" అన్నాను.

ఆమె ఏడుస్తోంది. లేచి వెళ్ళి తల మీద చెయ్యి వేశాను. ఓదార్చాల్సిన పెద్దదాన్ని, కానీ దాచుకోవడం ఎందుకు, తల్లి పోయి నాలుగు నెలలు కూడా నిండని ఆ పిల్లను చూస్తే నాకు అసూయ కలిగింది.